యాప్ పరీక్ష ఏ ఫోన్ మీద?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఐటీ శాఖలకు, ఆ శాఖల తరఫున యాప్‌లకు టెండర్లు పిలిచి, తయారైన యాప్‌ను ఆమోదించే అధికారులకు బహిరంగ లేఖ

మొబైల్ యాప్‌ను రెండు చోట్ల పరీక్షించవచ్చు. ఒకటి ప్రోగ్రామర్ కంప్యూటర్ తెర మీద కనిపించే నకలు ఫోన్. రెండోది చేతిలో పట్టుకునే అసలు ఫోన్. నకలు ఫోన్‌కు ఖర్చు లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు, ఎన్ని కావాలంటే అన్ని తెరవచ్చు. అసలు ఫోన్లను కొనాలి, దాచాలి, అప్‌డేట్ చేయాలి, ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని చూడాలి. అందుకే పరీక్షల్లో ఎక్కువ భాగం నకలు ఫోన్ మీద జరగడం సహజం, చాలావరకు సరైనది కూడా. నకలు మీద నెగ్గిన యాప్ అసలు ఫోన్ మీద కూడా నెగ్గినట్టే అనుకుని ఆమోద పత్రం మీద సంతకం పెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది.

నకలు ఫోన్ అసలు ఫోన్ కంటే ముందు పుట్టింది. గూగుల్ 2007 నవంబరులో ప్రోగ్రామర్లకు ఇచ్చిన తొలి ఆండ్రాయిడ్ కిట్‌లోనే ఎమ్యులేటర్ అనే నకలు ఫోన్ ఉంది. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ అమ్మకానికి వచ్చింది 2008 అక్టోబరులో. ఆ మధ్యకాలంలో ఆండ్రాయిడ్ యాప్ రాసినవాళ్లకు ఎమ్యులేటర్ తప్ప వేరే దిక్కు లేదు. ఆపిల్ కూడా 2008 మార్చిలో ప్రకటించిన ఐఫోన్ కిట్‌తో పాటు ఒక సిమ్యులేటర్ ఇచ్చింది.

ఈ రెండింటి పేర్లను ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు గానీ లోపల జరిగే పని వేరు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో నడిచేది నిజమైన ఆండ్రాయిడ్ వ్యవస్థే. ప్రాసెసర్, మెమరీ, సెన్సర్లు ఉన్న యంత్రాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్ అనుకరిస్తుంది. ఐఓఎస్ సిమ్యులేటర్ అంత దూరం పోదు. అది యాప్‌ను మ్యాక్ ప్రాసెసర్ కోసం కంపైల్ చేయించి, మ్యాక్ కెర్నల్ మీదే, మ్యాక్ మెమరీతోనే నడుపుతుంది. ఐఫోన్‌లా కనిపించే కిటికీలో నడుస్తున్నది నిజానికి ఒక మ్యాక్ ప్రోగ్రామ్ అన్నమాట.

ఈ తేడాను పట్టించే పాత ఉదాహరణ ఒకటుంది. మామూలుగా మ్యాక్ ఫైల్ వ్యవస్థ ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా చూడదు. ఐఫోన్ చూస్తుంది. కోడ్‌లో ఫైల్ పేరు చిన్న అక్షరంతోనూ, డిస్క్ మీద అదే పేరు పెద్ద అక్షరంతోనూ ఉంటే సిమ్యులేటర్‌లో బొమ్మ చక్కగా కనిపిస్తుంది, ఐఫోన్‌లో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. రెండో ఉదాహరణ కాలానికి సంబంధించింది. యాప్ తెరుచుకోవడానికి దాదాపు 20 సెకన్లు పట్టిందంటే ఐఓఎస్‌లోని కాపలా యంత్రాంగం దాన్ని ఆపేస్తుంది. సిమ్యులేటర్‌లో ఆ కాపలా లేదు. మొదలవుతూనే సర్వర్ నుంచి జిల్లాలు, మండలాలు, గ్రామాల జాబితా మొత్తం దించుకునే యాప్ ఆఫీసు వైఫై మీద, సిమ్యులేటర్‌లో, ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకుంటుంది. సిగ్నల్ సరిగా లేని చోట, నిజం ఫోన్‌లో, తెరుచుకోకముందే మూతపడుతుంది.

అలాగని నకలు ఫోన్లను తీసిపారేయడం పొరపాటు. కొన్ని పనులకు అవే మేలు. ఐఫోన్ ఎక్స్‌ను ఆపిల్ 2017 సెప్టెంబరులో చూపించింది, నవంబరు 3న అమ్మకానికి పెట్టింది. తెర పైభాగంలో నొక్కుకుపోయిన ఆ ఆకారానికి యాప్‌లను సరిచేసుకోవడానికి ప్రోగ్రామర్లకు ఆ వారాల్లో అందుబాటులో ఉన్నది సిమ్యులేటరే. అలాగే మెమరీని 16 కేబీ పేజీలుగా విభజించే ఫోన్లలో కూడా యాప్ నడవాలన్న నిబంధనను ఆండ్రాయిడ్ 15, ఆపై వర్షన్ల కోసం తయారయ్యే యాప్‌లకు గూగుల్ ప్లే 2025 నవంబరు 1 నుంచి పెట్టింది. అలాంటి ఫోన్ చేతికందకపోయినా ఎమ్యులేటర్‌లో ఆ అమరిక పెట్టుకుని చూడవచ్చు. ఇక రోజూ కోడ్ మారిన ప్రతిసారీ వందల పరీక్షలు మనిషి చేయి పడకుండా నడవాలంటే, ఒకే స్థితి నుంచి పదేపదే మొదలుపెట్టాలంటే, ఆండ్రాయిడ్ పాత వర్షన్లన్నిటినీ ఒక పూటలో చూసేయాలంటే నకలుకు సాటి లేదు. ఫారంలో లెక్క తప్పిందా, బటన్ నొక్కితే సరైన పేజీకి వెళ్తోందా, ఖాళీగా వదిలిన గడిని యాప్ పట్టుకుంటోందా అన్న ప్రశ్నలకు అసలు ఫోన్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

నకలు చెప్పలేనివి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది, ప్రభుత్వ యాప్‌లకు అన్నిటికంటే దగ్గరిది, మెమరీ.

2021 దీపావళికి వచ్చిన జియోఫోన్ నెక్స్ట్‌లో 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్ ఉన్నాయి, అప్పటి ధర రూ. 6,499. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా వర్కర్, ఉపాధి పనుల మేట్, కౌలు రైతు చేతిలో ఉండే ఫోన్ ఈ తరగతికి చెందింది కావచ్చు, లేదా దానికి ఒక మెట్టు పైది కావచ్చు. అలాంటి ఫోన్‌లో ఒక దరఖాస్తు యాప్ తెరిచి, పేరు, ఆధార్ నంబరు, సర్వే నంబరు నింపి, పాస్‌బుక్ ఫొటో కోసం కెమెరా బటన్ నొక్కితే ఏం జరుగుతుందో చూడాలి. కెమెరా పెద్ద యాప్, మెమరీ ఎక్కువ అడుగుతుంది. ఆండ్రాయిడ్ వెనక ఉన్న యాప్‌లను మూసేసి దానికి చోటిస్తుంది. మూసేసినవాటిలో దరఖాస్తు యాప్ కూడా ఉంటుంది. ఫొటో తీసి వెనక్కి వస్తే యాప్ మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది, నింపిన గడులన్నీ ఖాళీ. మళ్లీ నింపితే మళ్లీ అంతే. ఫోన్ పట్టుకున్న మనిషి తప్పు తనదే అనుకుంటాడు. ల్యాప్‌టాప్ మెమరీలోంచి ధారాళంగా వాటా తీసుకున్న ఎమ్యులేటర్‌లో ఇది ఎదురే కాదు.

ఈ లోపం ఉందని తెలిశాక దాన్ని ఎమ్యులేటర్‌లోనే మళ్లీ పుట్టించవచ్చన్నది నిజం. నకలు ఫోన్‌కు మెమరీ తగ్గించవచ్చు, వెనక ఉన్న యాప్‌ను కావాలని చంపే ఆదేశం ఇవ్వవచ్చు. అయితే అక్కడ వెతకాలని ఎవరికైనా తట్టాలి. తెలిసిన తప్పును మళ్లీ మళ్లీ పరీక్షించడానికి నకలు పనికొస్తుంది, తెలియని తప్పు బయటపడేది ఎక్కువగా ఫోన్‌లోనే.

స్టోరేజ్ సంగతీ ఇంతే. నకలు ఫోన్ ఎప్పుడూ కొత్తగా, ఖాళీగా ఉంటుంది. ఊళ్లో ఫోన్ వాట్సాప్ వీడియోలతో నిండి, స్టోరేజ్ ఫుల్ అన్న హెచ్చరికను నెలల తరబడి చూపిస్తుంటుంది. నెట్ లేనప్పుడు వివరాలను ఫోన్‌లో దాచి, సిగ్నల్ వచ్చాక పంపుతామని చెప్పే యాప్‌లకు ఆ దాచుకునే చోటే ఉండదు. రాయడం విఫలమైనప్పుడు ఆ సంగతి చెప్పకుండా సేవ్ అయిందని చూపించే యాప్ మరీ ప్రమాదకరం.

మెమరీ తర్వాత చూడాల్సింది ఫోన్ కంపెనీల అలవాట్లు. ఆండ్రాయిడ్ 6.0తో 2015లో గూగుల్ డోజ్ అనే ఏర్పాటు తెచ్చింది. ఫోన్ కదలకుండా పడి ఉంటే వెనక జరిగే పనులను వాయిదా వేసి బ్యాటరీ మిగులుస్తుంది. అది అన్ని ఫోన్లకూ ఉమ్మడి నియమం కాబట్టి ఎమ్యులేటర్‌లో కూడా చూడవచ్చు. షావోమి, ఒప్పో, వివో, రియల్‌మీ, శామ్‌సంగ్ వంటి కంపెనీలు దాని పైన తమ సొంత పొదుపు నియమాలు పెట్టుకున్నాయి. కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ అనే అనుమతి విడిగా ఇస్తే తప్ప యాప్ వెనక మేలుకోదు. ఇటీవలి యాప్‌ల జాబితాలోంచి తుడిచేస్తే నోటిఫికేషన్లు కూడా ఆగిపోయే ఫోన్లున్నాయి. గూగుల్ ఇచ్చే ఎమ్యులేటర్‌లో ఉండేది గూగుల్ ఆండ్రాయిడ్, ఈ కంపెనీల ఆండ్రాయిడ్ కాదు. రాత్రి అప్‌లోడ్ అవుతాయని చెప్పిన సర్వే ఫారాలు తెల్లారినా ఫోన్‌లోనే ఉండిపోవడానికి ఇదొక పెద్ద కారణం. పరీక్షలో ఇది తేలాలంటే ఆ కంపెనీ ఫోన్‌లో యాప్ పెట్టి, ఒక రాత్రి జేబులో వదిలేసి, పొద్దున చూడాలి. దీనికి దగ్గరి దారి లేదు.

రకాల సంఖ్య చూస్తే ఎవరికైనా నీరసం వస్తుంది. ఓపెన్‌సిగ్నల్ సంస్థ 2015 నివేదికలో లెక్కపెట్టిన వేర్వేరు ఆండ్రాయిడ్ పరికరాలు 24,093. మూడేళ్ల ముందు అదే సంస్థ లెక్క 3,997. అన్నిటినీ కొనడం ఎవరివల్లా కాదు, ఆ అవసరమూ లేదు. ఆ సంగతి కిందకు వాయిదా.

కెమెరా ఇంకో మూల. ఐఓఎస్ సిమ్యులేటర్‌లో కెమెరా లేదు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో ఒక కల్పిత గది కనిపిస్తుంది, లేదా ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్ పనిచేస్తుంది. నిజం ఫోన్లలో ఒక కంపెనీ ఫొటోను నిలువుగా దాచితే ఇంకో కంపెనీ అడ్డంగా దాచి, తిప్పి చూడమని ఫైల్ లోపల ఒక గుర్తు రాస్తుంది. ఆ గుర్తును చదవని యాప్‌లో లబ్ధిదారు ముఖం పక్కకు ఒరిగి కనిపిస్తుంది. ఈ తేడాల తలనొప్పి తగ్గించడానికే గూగుల్ 2019లో కెమెరాఎక్స్ అనే లైబ్రరీని తెచ్చి, దాన్ని రకరకాల నిజం ఫోన్ల మీద పరీక్షించే ల్యాబ్ నడపాల్సి వచ్చింది. ఎమ్యులేటర్‌ను తయారుచేసిన కంపెనీయే కెమెరా విషయంలో దాన్ని నమ్ముకోలేదన్నది గమనించాలి.

నిజమైన సిమ్ కార్డు, ఓటీపీ, వేలిముద్ర ఈ మూడూ నకలులో లేనివే. ఎమ్యులేటర్‌కు కల్పిత ఎస్ఎంఎస్ పంపవచ్చు గానీ రెండు సిమ్‌ల ఫోన్‌లో ఆధార్‌కు అనుసంధానమైన నంబరు ఏ సిమ్‌లో ఉంది, అందులో రీఛార్జ్ ఉందా, ఓటీపీ వచ్చేలోపు యాప్ గడువు ముగిసిపోతోందా అన్నవి తెలియవు. ఓటీజీ తీగతో తగిలించే వేలిముద్ర యంత్రం ఆధార్ సంస్థ గుర్తించిన పరికరం అయి ఉండాలి, దానికి తోడుగా ఫోన్‌లో ఆ కంపెనీ ఇచ్చే ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ నడవాలి. చవక ఫోన్ యూఎస్‌బీ రంధ్రం ఆ యంత్రానికి సరిపడా కరెంటు ఇస్తోందా, పొలం పని చేసి అరిగిన వేళ్ల ముద్ర ఎన్నో ప్రయత్నంలో పడుతోంది అన్నవి తగిలించి చూస్తే తెలిసే సంగతులు.

నెట్‌వర్క్ విషయంలో నకలు కొంత చేయగలదు. వేగం తగ్గించవచ్చు, ఆలస్యం పెంచవచ్చు, పూర్తిగా తెంచేయవచ్చు. పాడేరు కొండల్లోనో, ఉట్నూరు ఏజెన్సీలోనో ఎదురయ్యేది ఈ మూడింటిలో ఏదీ కాని నాలుగో స్థితి. గీతలు రెండు కనిపిస్తాయి, డేటా మాత్రం కదలదు. యాప్ దృష్టిలో నెట్ ఉన్నట్టే కాబట్టి ఆఫ్‌లైన్ పద్ధతికి మారదు, పంపే ప్రయత్నం మధ్యలో ఇరుక్కుంటుంది. విసిగి మళ్లీ నొక్కితే ఒకే దరఖాస్తు రెండుసార్లు పోతుంది. జీపీఎస్ కూడా ఇంతే. ఎమ్యులేటర్‌లో అక్షాంశ రేఖాంశాలు టైపు చేస్తే ఆ క్షణానే, తేడా లేకుండా వస్తాయి. చెట్ల కింద, మబ్బు పట్టిన రోజున, డేటా సాయం లేకుండా ఫోన్ తన చోటు తెలుసుకోవడానికి చాలాసేపు పట్టవచ్చు, తెలుసుకున్నా పదుల మీటర్లు పక్కకు చూపించవచ్చు.

ఈ తేడాల విలువ కూలిలో తెలుస్తుంది. ఉపాధి హామీ పనుల హాజరు కోసం కేంద్రం 2021 మేలో తెచ్చిన ఎన్ఎంఎంఎస్ యాప్‌ను, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. మేట్ రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, స్థలం, సమయం గుర్తులతో పంపాలి. ఫొటో ఎక్కకపోతే మస్టర్ పడదు, మస్టర్ పడకపోతే కూలి లేదు. అదే ఏడాది ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ఉపాధి కూలీలు చేసిన సుదీర్ఘ ధర్నాలో ఈ యాప్ ఒక ప్రధాన ఫిర్యాదు. ఆ యాప్‌ను ఎలా పరీక్షించారన్నది ఇక్కడ చర్చ కాదు. కెమెరా, జీపీఎస్, సిగ్నల్, చవక ఫోన్ మెమరీ, నకలు ఫోన్ చెప్పలేని ఈ నాలుగూ ఒకే బటన్ కింద కలిసే యాప్‌లు ప్రభుత్వాల దగ్గర ఎక్కువ. షాపింగ్ యాప్ ఆగిపోతే కొనేవాడు ఇంకో యాప్‌కు పోతాడు, హాజరు యాప్‌కు ఆ ఇంకో యాప్ ఉండదు.

ఎండ సంగతి ఒక్కమాట. ఐఫోన్‌ను వాడదగిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ అని ఆపిల్ స్వయంగా చెబుతుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. వేడెక్కిన ఫోన్ తన ప్రాసెసర్ వేగం తానే తగ్గించుకుంటుంది, తెర వెలుగు తగ్గిస్తుంది. ఆ వెలుగులో లేత బూడిద రంగు అక్షరాలు ఎవరికీ కనబడవు. ఏసీ గదిలో ల్యాప్‌టాప్ తెర మీద అవి అందంగానే ఉంటాయి.

తెలుగు దగ్గరికి వస్తే కథ కొంచెం మలుపు తిరుగుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఐఫోన్లను కూల్చేసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపైన దీర్ఘం, ఈ వరుసలో వచ్చిన అక్షరాన్ని మెసేజ్‌లో పంపితే దాన్ని తెర మీద గీయబోయి యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ మొత్తం తిరిగి తిరిగి మొదలయ్యేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. తెలుగు అక్షరం ఐఫోన్‌ను కూల్చిందని అప్పుడు ప్రపంచవ్యాప్తంగా పత్రికలు రాశాయి. తప్పు మాత్రం అక్షరానిది కాదు, ఆపిల్ అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్‌ది. అదే లోపం మ్యాక్‌నూ పట్టింది, దానికీ అదే రోజు సవరణ వచ్చింది. అంటే ఈ తప్పును పట్టుకోవడానికి ఐఫోనే అక్కర్లేదు, ఆ వరుసను ఎవరైనా టైపు చేసి చూసి ఉంటే చాలు. పరీక్షకు ఏ ఫోన్ అన్న ప్రశ్న పక్కన ఏ పాఠంతో అన్న ప్రశ్న కూడా ఉందన్నమాట. పరీక్షించేటప్పుడు పేరు గడిలో ‘టెస్ట్’, ‘ఏబీసీ’ అని కొట్టే అలవాటు పోయి, జ్ఞానప్రసూనాంబ, కృష్ణస్వామి, స్వరాజ్యలక్ష్మి వంటి పేర్లు తెలుగులో పడాలి.

వత్తుల కొలత మాత్రం మళ్లీ ఫోన్ దగ్గరే తేలుతుంది. ఇంగ్లిష్ వరుసకు సరిపోయేలా ఎత్తు నిర్ణయించిన గడిలో ‘రాష్ట్రం’ కింది వత్తులు తెగిపోతాయి. కొన్ని కంపెనీలు సొంత తెలుగు ఫాంటు పెడతాయి, ఎమ్యులేటర్‌లో సరిపోయిన వరుస అక్కడ సరిపోదు. కళ్లజోడు పెట్టుకోకుండా చదవడానికి పెద్దవాళ్లు అక్షరాల సైజు పెంచుకుంటారు. ఆండ్రాయిడ్ 14 అయితే 200 శాతం వరకు పెంచనిస్తుంది. అప్పుడు ‘దరఖాస్తు సమర్పించండి’ అన్న బటన్ మీద ‘దరఖాస్తు స’ వరకే కనిపిస్తే ఆ బటన్ ఉన్నా లేనట్టే.

పరీక్ష ఒకసారి జరిగి ముగిసేది కూడా కాదు. 2021 మార్చిలో ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ అనే భాగంలో వచ్చిన లోపం వల్ల జీమెయిల్ సహా ఎన్నో యాప్‌లు ప్రపంచమంతటా తెరిచిన వెంటనే మూతపడ్డాయి. ఆ యాప్‌లలో ఎవరూ ఏమీ మార్చలేదు. ఫోన్‌లోని భాగం తనంతట తాను మారింది. ఆరు నెలల కిందటి నకలు ఫోన్‌ను అలాగే దాచుకుని పరీక్షించేవాళ్లకు అలాంటి రోజున కూడా అంతా బాగానే కనిపిస్తుంది.

నకలుకూ చేతిలోని ఫోన్‌కూ మధ్య ఒక మెట్టు ఉంది. నిజం ఫోన్లను వరుసగా అమర్చి ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే సేవలవి. 2011లో ముంబయిలో పుట్టిన బ్రౌజర్‌స్టాక్, అమెజాన్ 2015లో మొదలుపెట్టిన డివైస్ ఫార్మ్, గూగుల్ ఫైర్‌బేస్ టెస్ట్ ల్యాబ్ ఈ కోవలోవి. కంపెనీల ఆండ్రాయిడ్ తేడాలు, చిప్ తేడాలు, ఫాంటు తేడాలు వీటిలో బాగా బయటపడతాయి. తమ దగ్గర లేని మోడల్‌ను గంటల లెక్కన చూడటానికి ఇంతకంటే చవక మార్గం లేదు. అయితే ఆ ఫోన్లు ఏసీ గదిలో, మంచి నెట్ మీద, నిండు ఛార్జింగ్‌తో ఉంటాయి. ఎండ, కొండ, వేలిముద్ర యంత్రం అక్కడికి పోవు.

ఇక ఏ ఫోన్లు కొనాలన్నది. శాఖల దగ్గర దీనికి జవాబు ముందే ఉంది. పాత యాప్‌లు ఏయే మోడళ్ల మీద, ఎంత ర్యామ్ మీద, ఏ ఆండ్రాయిడ్ మీద నడుస్తున్నాయో గూగుల్ ప్లే కన్సోల్ చూపిస్తుంది. క్షేత్రస్థాయి సిబ్బందికి ప్రభుత్వమే ఇచ్చిన ఫోన్లయితే వాటి మోడల్ కొనుగోలు ఆర్డర్‌లోనే ఉంటుంది. ఆ జాబితా నుంచి కంపెనీ, చిప్, ర్యామ్, ఆండ్రాయిడ్ వర్షన్ నాలుగింటిలోనూ వేర్వేరుగా ఉండేలా పది పన్నెండు ఫోన్లు ఎంచుకుంటే చాలావరకు సరిపోతుంది. అందులో కనీసం మూడు పాతవై, వాడినవై, స్టోరేజ్ నిండినవై ఉండాలి. ఖరీదైన ఫోన్ ఒకటి చాలు, లేకపోయినా పెద్ద నష్టం లేదు. ఒక యాప్ టెండరు విలువ పక్కన ఈ ఖర్చు లెక్కలోకి రాదు.

టెండరు పత్రంలో ‘అన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల మీద పనిచేయాలి’ అన్న వాక్యం ఎవరినీ దేనికీ కట్టిపడేయదు. దాని బదులు మోడళ్ల పేర్లు రాయాలి. ఆమోదానికి ముందు ఆ ఫోన్ల మీద, యాప్‌ను రోజూ వాడబోయే సిబ్బంది చేత, కనీసం ఒక ఏజెన్సీ మండలంలో, ఒక వారం పాటు నడిపించి, తప్పుల జాబితాతో పాటు తెర రికార్డింగు అడగాలి. నకలు ఫోన్ పరీక్షల నివేదికను కూడా అడగాలి, అది విడిగా. రెండూ ఒకే కాగితం మీద కలిపి ‘పరీక్షలు విజయవంతం’ అని వస్తే వెనక్కి పంపాలి.

విడుదల కూడా ఒక్కసారిగా అందరికీ చేయనక్కర్లేదు. ప్లే స్టోర్‌లో వాడేవారిలో కొంత శాతానికే కొత్త వర్షన్ ఇచ్చి, గమనించి, పెంచుకుంటూ పోయే వీలుంది. క్రాష్‌ల హద్దులు గూగుల్ స్వయంగా పెట్టింది. రోజువారీ వాడేవారిలో మొత్తం మీద 1.09 శాతం మందికి, లేదా ఏదైనా ఒక ఫోన్ మోడల్ మీద 8 శాతం మందికి కళ్లముందే క్రాష్ అయితే దాన్ని చెడ్డ యాప్‌గా లెక్కిస్తుంది. నొక్కాక 5 సెకన్లు కదలని యాప్‌కు విడిగా 0.47 శాతం హద్దు ఉంది. చెల్లింపుల చివరి విడతను ఈ అంకెలకు ముడిపెట్టవచ్చు. అందులోనూ మొత్తం సగటుకు కాక మోడల్ వారీ అంకెకు ముడిపెట్టడం మేలు, ఎందుకంటే హైదరాబాద్, విజయవాడల్లోని మంచి ఫోన్ల సంఖ్య చవక ఫోన్ల మీది క్రాష్‌లను సగటులో కనబడకుండా చేస్తుంది. ఆ అంకెల పట్టికను యాప్ తయారుచేసిన కంపెనీ పంపే దాకా ఆగకుండా, ప్లే కన్సోల్ ఖాతా శాఖ పేరు మీదే ఉంచుకుని, నెలకోసారి నేరుగా తెరిచి చూసే అధికారి ఒకరుండాలి.